మూడో రోజు జ్వరానికే వైడాల్ పాజిటివ్, ఇంకో ల్యాబ్‌లో నెగెటివ్. ఏది నమ్మాలి?

కాలవగట్టు (విజయవాడ)
మంగళవారం, రాత్రి 10:12

మా పాపకి పదకొండేళ్లు. ఆదివారం మధ్యాహ్నం బిర్యానీ ముందు పెడితే "వద్దు నాన్నా" అంది. అది బిర్యానీ వద్దన్నదంటే ఒంట్లో బాగాలేనట్టే. సాయంత్రానికి 102. సోమవారమంతా పారాసెటమాల్ మీద నడిపించాం. వేస్తే తగ్గుతుంది, నాలుగు గంటలకి మళ్లీ ఎక్కుతుంది. కళ్ల వెనక నొప్పి అంటోంది.

ఈరోజు పొద్దున మా వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్తే పేరు, వయసు రాసుకుని ముందు రక్తం తీశారు. డాక్టరు గారు పిలిచేలోపే రిపోర్ట్ వచ్చేసింది. మలేరియా లేదు. వైడాల్ 'ఓ' 1:80, 'హెచ్' 1:160, కింద ఎర్ర స్టాంపు: పాజిటివ్. టైఫాయిడ్, ఏడు రోజులు రోజుకో ఇంజక్షన్ అన్నారు. ఒకటి చేసేశారు కూడా. గుంటూరులో ఉన్న మా తోడల్లుడు ఫోన్లో "ఇంకో చోట చూపించు" అంటే మధ్యాహ్నం వేరే ల్యాబ్‌కి వెళ్లాం. అక్కడ 'ఓ' 1:40, 'హెచ్' 1:80, నెగెటివ్.

పిల్ల అదే, రోజు అదే. రెండు రిపోర్టులూ ఫ్రిజ్ తలుపు మీద మామిడికాయ బొమ్మ అయస్కాంతం కింద పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నా. రెండేళ్ల కిందట పాపకి నిజంగానే టైఫాయిడ్ వచ్చింది, పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అందుకే టెన్షన్. రేపు రెండో ఇంజక్షన్ వేయించాలా, వద్దా?

పునుగులు (విజయవాడ)
మంగళవారం, రాత్రి 10:20

అన్నా, మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా టైఫాయిడే. మా బావమరిదికి డిగ్రీ పరీక్షల ముందు మూడేళ్లు వరసగా టైఫాయిడ్ వచ్చింది. పరీక్షలు అయిపోయిన మర్నాడు తగ్గేది.

మోడరేటర్
మంగళవారం, రాత్రి 10:31

క్లినిక్ పేరు, ల్యాబ్ పేరు ఎవరూ రాయకండి, అడగకండి. ఇక్కడ మందుల మోతాదులు చెప్పొద్దు. మిగతాది మాట్లాడుకోవచ్చు.

పిప్పెట్ పిన్ని (గుంటూరు)
మంగళవారం, రాత్రి 10:58

బాబూ, ముందు ఒక కాగితం తీసుకుని జ్వరం మొదలైన రోజు, వేళ రాసి పెట్టు. ఆదివారం సాయంత్రం అన్నావుగా, ఈరోజుకి మూడో రోజు. ఇది దగ్గర లేకపోతే ఏ రిపోర్టూ చదవడం కుదరదు.

నేను గుంటూరులో ల్యాబ్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. వైడాల్ ఎన్ని చేశానో లెక్క లేదు. నీకు రెండుచోట్లా చేసింది స్లైడు పద్ధతే అయి ఉండాలి, ఎందుకంటే ట్యూబు పద్ధతి అయితే మర్నాడు పొద్దున దాకా రిపోర్ట్ రాదు.

స్లైడు ఎలా చేస్తారో చెప్తాను, అప్పుడు నీకే తెలుస్తుంది. గాజు పలక మీద గుండ్రటి గళ్లు ఉంటాయి. ఒక్కో గడిలో సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు) చుక్క వేస్తాం. దాని మీద సీసాలోంచి టైఫాయిడ్ క్రిముల ద్రవం చుక్క. అవి చచ్చిన క్రిములే, భయం లేదు. మేం వాడిన వాటిల్లో 'ఓ' (క్రిమి ఒంటి తాలూకు) నీలంగా, 'హెచ్' (క్రిమి ఈదే తోకల తాలూకు) ఎర్రగా ఉండేవి. పుల్లతో కలిపి పలకని చంటిపిల్ల ఉయ్యాలలాగా అటూ ఇటూ ఊపాలి. సరిగ్గా ఒక నిమిషం. ఆ లోపల రంగు రవ్వరవ్వగా విడిపోయి చుట్టూ నీళ్లు తేరితే పాజిటివ్. నిమిషం దాటిపోయాక చూస్తే చుక్క అంచులు ఆరుతుంటాయి, ఆరిన చోట కూడా అలాగే రవ్వలా కనపడుతుంది. ముందు నలభై ట్యూబులు, పక్కన ఫోన్, కిటికీ దగ్గర "అమ్మా మాది అయిందా" అని జనం. అందరం ప్రతిసారీ గడియారం చూశామని నేను చెప్పలేను.

ఇక అంకెలు. 1:80 అంటే సీరాన్ని 80 రెట్లు పల్చన చేసినా క్రిములు గుమికూడుతున్నాయి అని. మెట్లు ఇలా ఉంటాయి: 20, 40, 80, 160, 320. అదే రక్తంతో అదే మనిషి రెండుసార్లు చేసినా ఒక మెట్టు అటూ ఇటూ రావడం మామూలే. నీ రెండు రిపోర్టులకీ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క మెట్టే. అంటే రెండు ల్యాబులూ దాదాపు ఒకే మాట చెప్పాయి. స్టాంపు దగ్గరకొచ్చేసరికి ఒకరు గీతకి ఇటు, ఒకరు అటు పడ్డారు.

డాక్టర్ కొత్తపేట (గుంటూరు)
మంగళవారం, రాత్రి 11:25

పిన్ని గారు చెప్పింది అక్షరాలా నిజం. కాలవగట్టు గారూ, ఇక్కడ వైద్యం చేయను గానీ కొన్ని విషయాలు చెప్పాలి.

వైడాల్ వెతికేది టైఫాయిడ్ క్రిమిని కాదు. ఆ క్రిమి మీద మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలని. అవి లెక్కకి అందేంతగా తయారవడానికి మామూలుగా వారం పడుతుంది. మూడో రోజున అవి కనపడ్డాయంటే ఎక్కువగా పాతవే. పాపకి రెండేళ్ల కిందట టైఫాయిడ్ వచ్చిందన్నారు కదా. 'హెచ్' యాంటీబాడీలు చాలాకాలం మిగిలి ఉంటాయి, వేరే ఏ జ్వరం వచ్చినా అవి మళ్లీ లేచే అవకాశం ఉంది.

మేం చదువుకునే రోజుల్లో "బాసు" అని గుర్తుపెట్టుకునేవాళ్లం. బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం, మొదటి వారం, అగ్లూటినేషన్ అంటే ఈ వైడాల్ రెండో వారం, స్టూల్ మూడో వారం, యూరిన్ నాలుగో వారం. ఈ ఒక్క ముక్క మీద మార్కులు తెచ్చుకున్న వాళ్లమే ప్రాక్టీసులో కూర్చున్నాక మొదటి వారంలోనే రెండో వారం టెస్టు రాస్తున్నాం. అందులో నేనూ ఉన్నాను.

రేపు పొద్దున పిల్లల డాక్టరు దగ్గరకి వెళ్లండి. ఇంజక్షన్ వేయాలో వద్దో ఆయన చూసి చెప్పాలి, కానీ వేసేముందే కల్చర్‌కి రక్తం తీయమని అడగండి. ఒక డోసు పడింది కాబట్టి క్రిమి దొరికే అవకాశం కొంత తగ్గింది, అయినా తీయడం మంచిదే. కళ్ల వెనక నొప్పి అన్నారు గనక డెంగీ ఎన్ఎస్1 కూడా అడగండి. అది వైరస్ తాలూకు ముక్కనే పట్టుకుంటుంది, మొదటి ఐదు రోజుల్లో పనికొస్తుంది. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి ఇవ్వకండి. వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి ఎక్కువైనా, ముక్కులోంచో చిగుళ్లలోంచో రక్తం వచ్చినా, పిల్ల మత్తుగా ఉన్నా పొద్దున దాకా ఆగొద్దు.

కాలవగట్టు
మంగళవారం, రాత్రి 11:41

పిన్ని గారూ, డాక్టరు గారూ, దండం. క్యాలెండర్ మీద ఆదివారం చుట్టూ గుండ్రంగా గీశా. పాప ఇప్పుడు నిద్రపోయింది, 100 ఉంది. నాకెలాగూ నిద్ర పట్టదు. అసలీ వైడాల్ ఎవరు? ఎప్పటి టెస్టు ఇది?

పాతకాగితాలు (గుంటూరు)
బుధవారం, తెల్లవారుజాము 12:35

నాక్కూడా నిద్ర పట్టదు, కాబట్టి నా పురాణం విప్పుతాను.

పేరు ఫెర్నాండ్ విడాల్. పారిస్ డాక్టరు. మనం వైడాల్ అని స్థిరపరిచేశాం, ఇక మార్చడం ఆయన వల్ల కూడా కాదు. 1896 జూన్‌లో పారిస్‌లో ఆసుపత్రి డాక్టర్ల సంఘం ముందు ఈ పద్ధతి చెప్పాడు. దానికి కాస్త ముందు అదే ఏడాది వియన్నాలో గ్రూబర్, ఆయన దగ్గర పనిచేసిన డర్హామ్ అనే ఇంగ్లీషాయన ఒక సంగతి గమనించారు. ఒక క్రిమి మీద తయారైన సీరంలో ఆ క్రిములనే వేస్తే, ఈదులాడేవి కాస్తా ఆగిపోయి గుంపులుగా అతుక్కుంటాయి. వాళ్లు తెలిసిన సీరంతో తెలియని క్రిమిని గుర్తుపట్టే పని చేస్తున్నారు. విడాల్ దాన్ని తిరగేశాడు. తెలిసిన క్రిమి పెట్టుకుని, రోగి రక్తం తెచ్చి, "ఇది టైఫాయిడా?" అని అడిగాడు. అందుకే పాత పుస్తకాల్లో గ్రూబర్-విడాల్ అని రెండు పేర్లూ కనపడతాయి.

ఆ రోజుల్లో డాక్టరు చేతిలో ఏముందో ఒకసారి ఊహించండి. థర్మామీటరు, నాలుక మీద పాచి, పొట్ట మీద గులాబీ రంగు మచ్చలు, మంచం పక్కన జ్వరం గీతల కాగితం. టైఫాయిడ్ క్రిమిని ఎబెర్త్ 1880లోనే చూశాడు, గాఫ్కీ 1884లో పెంచి చూపించాడు. కానీ బతికున్న రోగిలో దాన్ని పట్టుకోవడం అప్పటికి చాలా కష్టం. మన గుంటూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చారు, ఆవిడ ఆసుపత్రి తెరిచింది 1898లో. మన పెద్దవాళ్లు సన్నిపాత జ్వరం అనేవాళ్లు, ఇరవై ఒక్క రోజుల జ్వరం అనేవాళ్లు. ఇరవై ఒక్క రోజులు గడిచాక గానీ పేరు ఖాయం కాదన్నమాట! "లంఖణం పరమౌషధం" అని గంజి కూడా ఆపేసేవాళ్లు, అది వేరే కథ.

అసలు నాకు ముచ్చటేసేది మాంట్రియల్ కథ. అక్కడ ప్రజారోగ్య శాఖలో వయట్ జాన్‌స్టన్ అనే ఆయన అదే 1896లో ఒక కిటుకు చేశాడు. రక్తం సీసాలో పంపక్కర్లేదు, కాగితం మీద ఒక్క చుక్క వేసి ఆరబెట్టి పోస్టులో పంపితే చాలన్నాడు. ల్యాబ్‌లో ఆ ఎండిన చుక్కని నీళ్లతో తడిపి, బతికున్న టైఫాయిడ్ క్రిముల ద్రవంలో కలిపి, మైక్రోస్కోపు కింద చూసేవాళ్లు. క్రిములు ఈదుతున్నాయా, ఆగి గుంపు కట్టాయా, అంతే. న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ కూడా ఆ ఏడాదే మొదలుపెట్టింది. అంటే పారిస్‌లో చెప్పిన ఆరు నెలల్లోపే ఊరి డాక్టరు కవరులో రక్తపు చుక్క పెట్టి పంపితే నగర ల్యాబ్ జవాబు చెప్పే ఏర్పాటు వచ్చేసింది.

పిప్పెట్ పిన్ని
బుధవారం, ఉదయం 6:10

బతికున్న క్రిములతోనా! పాపం ఆ టెక్నీషియన్లు. నోటితో పిప్పెట్ పీల్చే రోజులు అవి. నేనూ మొదట్లో నోటితోనే పీల్చాను, ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు.

ఆర్ఎంపీ అన్న (తెనాలి దగ్గర పల్లె)
బుధవారం, ఉదయం 7:45

అంతా చదివాను. చెప్పడం బాగానే ఉంది. నా దగ్గరకొచ్చేవాడు మిరపకోతకి వెళ్లే కూలీ. జ్వరం వచ్చిన రెండో రోజే వస్తాడు, ఎందుకంటే మూడో రోజు పనికి పోవాలి. "కల్చర్‌కి పంపుతా, నాలుగైదు రోజులు ఆగు, ఇంత అవుతుంది" అంటే నా ముఖం మీదే నవ్వి పక్కూరు పోతాడు. అక్కడ వైడాల్ చేసి ఇంజక్షన్ పొడుస్తారు. వారం రోజుల్లో ఎలాగూ తగ్గిపోయే జ్వరం తగ్గుతుంది. పేరు వాళ్లకి.

వైడాల్ తప్పంటే చేతిలో ఇంకేముంది? మీరు పట్నంలో కూర్చుని అంటారు గానీ, ఒక కాగితం మీద ఒక పేరు కనపడితేనే రోగికి ధైర్యం. "వైరల్ జ్వరం, నీళ్లు తాగు" అంటే ఫీజు ఎందుకిచ్చానా అనుకుంటాడు.

డాక్టర్ కొత్తపేట
బుధవారం, మధ్యాహ్నం 1:50

అన్నా, మీ బాధ అర్థమైంది, అందులో అబద్ధం లేదు. కల్చర్ కూడా దేవుడేం కాదు. నిజంగా టైఫాయిడ్ ఉన్నవాళ్లలో కూడా సగానికి కాస్త ఎక్కువ మందిలోనే దొరుకుతుంది. రక్తం తక్కువ తీస్తే ఇంకా తగ్గుతుంది, పెద్దవాళ్లకి ఎనిమిది, పది మిల్లీలీటర్లన్నా తీయాలి.

కానీ వైడాల్‌నే సరిగ్గా వాడాలంటే రెండుసార్లు చేయాలి. మొదటిది ఈరోజు, రెండోది వారం, పది రోజులాగి. రెండిటి మధ్య నాలుగు రెట్లు పెరిగితే అప్పుడు అది మాట్లాడినట్టు. మీ మిరపకోత మనిషి రెండోసారి రాడు, నాకు తెలుసు. నా దగ్గరకీ రారు. ఒక్కసారి చేసిన వైడాల్ చూసి ఇంజక్షన్ మొదలుపెడితే మాత్రం, అసలు డెంగీయో మలేరియానో అయినవాడికి ఆ నాలుగు రోజులు పోతాయి. ఇంకోటి, అవసరం లేని యాంటీబయాటిక్ ఊరందరికీ పడితే నిజమైన టైఫాయిడ్ ఆ మందుకి లొంగదు. ఇప్పటికే పాత మందులు కొన్ని అలాగే పోయాయి.

పాతకాగితాలు
బుధవారం, సాయంత్రం 4:20

ఆర్ఎంపీ అన్న గారి మాటలో నాకు ఒక సంగతి తట్టింది. మొదట్లో ఈ టెస్టు ఎవరికోసం? రోగికి ఇంజక్షన్ రాయడానికి కాదు, రాయడానికి మందే లేదు. టైఫాయిడ్‌కి పనిచేసే మందు 1948లో గానీ రాలేదు. అంటే యాభై ఏళ్లకి పైగా వైడాల్ చేసింది మందు కోసం కాదు. ఈ జ్వరం టైఫాయిడే అని తేలితే ఆరోగ్య శాఖ వాళ్లు ఆ ఇంటికి వెళ్లి, నీళ్లు ఏ బావివి, పాలు ఎవరు పోస్తున్నారు, మరుగుదొడ్డి ఎక్కడ అని ఆరా తీసేవాళ్లు. ఒక వీధిలో పదిమందికి పాజిటివ్ వస్తే ఆ వీధి నీళ్ల మీద అనుమానం. పదిమందిలో ఇద్దరి రిపోర్ట్ తప్పయినా వీధి మారదు కదా! ఊరిని చదవడానికి చేసిన కొలబద్ద అది. దాన్ని తెచ్చి ఒక్కొక్క మనిషి మీద, మూడో రోజున, ఒకే ఒక్కసారి పెట్టి స్టాంపు వేస్తున్నాం.

మాల్టా మేకల కథ ఇంకా బాగుంటుంది. ఆ ద్వీపంలో బ్రిటిష్ సైనికులకి నెలల తరబడి వచ్చిపోయే జ్వరం. క్రిమిని బ్రూస్ 1887లో కనిపెట్టాడు, 1897లో ఇంగ్లండ్‌లోని నెట్లీలో రైట్, సెంపుల్ ఇదే గుంపుకట్టే పరీక్ష ఆ జ్వరానికీ తయారుచేశారు. అయినా అది ఎక్కడినుంచి వస్తుందో తేలలేదు. 1905లో అక్కడి డాక్టరు జమ్మిత్ ఆ పరీక్షని మేకల రక్తం మీద చేశాడు. చూడ్డానికి ఏ రోగమూ లేని మేకలు, గడప గడపకీ తోలుకొచ్చి పాలు పిండి ఇచ్చే మేకలు, వాటి రక్తం పాజిటివ్! మరుసటి ఏడు సైనికులకి మేకపాలు ఆపేశారు, జ్వరం పడిపోయింది. సూది ఎవరికీ వేయలేదు.

బెంజిసర్కిల్ (విజయవాడ)
బుధవారం, సాయంత్రం 5:02

మలేరియా పురుగుని కనిపెట్టింది మాత్రం మన సికింద్రాబాద్‌లోనే కదా, రొనాల్డ్ రాస్. మనవాళ్లకి ఆ పేరు రావాలి.

గోడమీద అంకెలు (గుంటూరు జిల్లా)
బుధవారం, రాత్రి 8:15

బాబూ, పురుగుని రక్తంలో మొదట చూసింది లావెరాన్, 1880లో, అల్జీరియాలో. రాస్ సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న చూసింది దోమ పొట్టలో. మలేరియా శాఖలో పనిచేసినవాడిని, ఆగస్టు 20 దోమల దినం అని ప్రతి ఏటా మీటింగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు. మర్చిపోదామన్నా మర్చిపోలేను.

నా పేరు సంగతి చెప్తా. మీలో నలభై దాటినవాళ్లకి గుర్తుండాలి, ఇంటి గుమ్మం పక్కన గోడ మీద గళ్లు, అందులో తారీఖులు, పొట్టి సంతకాలు. ఆ సంతకాల్లో కొన్ని నావి. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ వెళ్లాలి. "అమ్మా, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా, పోయినసారి నేను వచ్చాక?" ఉందంటే ఎడమ చేతి ఉంగరపు వేలు, స్పిరిట్ దూది, సూది. మొదటి చుక్క తుడిచెయ్యాలి. గాజు పలక మీద ఒక పక్క మందంగా పూత, ఇంకో పక్క పల్చగా. పల్చటి పూత మీద పెన్సిల్‌తో నంబరు. ఆరేదాకా పలకని విసురుతూ నిలబడాలి, లేకపోతే ఈగలు వాలి మందపు పూత నాకేస్తాయి. నిజం చెప్తున్నా, ల్యాబ్‌కి వెళ్లాక చూస్తే రక్తం ఉండాల్సిన చోట చిన్న చిన్న కిటికీలు ఉండేవి.

రక్తం తీసి, పెద్దవాళ్లకి నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మా ఎదురుగా మింగించేవాళ్లం. రిపోర్ట్ వచ్చాక పాజిటివ్ అయితే మళ్లీ వెళ్లి అసలు మందు. ఒక్కోసారి రిపోర్ట్ వచ్చేసరికి మనిషి కూలికి వేరే ఊరు వెళ్లిపోయేవాడు.

ఊళ్లో ఏడాదికి నూటికి పదిమంది రక్తమన్నా చూడాలని లెక్క. జ్వరాలు లేని ఏడాది వస్తే మాకు కష్టం. మాతో పనిచేసిన ఒకాయన డిసెంబరు నెలాఖరున లెక్క నిండక తన వేలినుంచే ఆరు పలకలు తీసి ఆరు పేర్లు రాశాడు. పట్టుబడ్డాడు, ఎందుకంటే ఆయనకే మలేరియా ఉంది. ఆరూ పాజిటివ్!

నవ్వుకుంటాం గానీ ఆ పలకలు చేసిన పని చిన్నది కాదు. దేశంలో 1953లో కార్యక్రమం మొదలైంది, అరవైల్లో ఏడాదికి లక్ష కేసులకి దిగింది. చేతులు దులుపుకున్నాం. 1976కి 64 లక్షలకి ఎక్కింది. ఇదంతా తెలిసింది పలకల లెక్క వల్లే.

సింగ్‌నగర్ సిస్టర్ (విజయవాడ)
బుధవారం, రాత్రి 9:05

అన్నయ్య గారూ, ఇప్పుడు కార్డు టెస్టు వచ్చాక మాకు ఈగల బాధ తప్పింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధుల్లో నడుము లోతు నీళ్లలో పడవ మీద తిరిగాం. నీళ్లు తీశాక జ్వరాల క్యాంపులో అందరిదీ ఒకటే మాట, "టైఫాయిడ్ టెస్టు చెయ్యమ్మా". ఎన్నో రోజు అంటే చెప్పలేరు. వరదలో ఏ రోజు ఏదో ఎవరికి గుర్తుంటుంది?

పునుగులు
బుధవారం, రాత్రి 9:30

రాత్రిపూట రక్తం తీసేవాళ్లు ఎవరు? మా చిన్నప్పుడు వన్‌టౌన్‌లో నిద్రలేపి వేలు పొడిచారు, ఇప్పటికీ పీడకలలో వస్తారు.

గోడమీద అంకెలు
బుధవారం, రాత్రి 9:52

అది ఫైలేరియా వాళ్లు. బోదకాలు పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోయి, రాత్రి బయటి రక్తంలోకి వస్తాయి. కుట్టే దోమ కూడా రాత్రి దోమే కదా, దాని వేళకి తగ్గట్టే. పగలు తీస్తే శుభ్రంగా ఉన్నట్టు కనపడుతుంది. అందుకే టార్చిలైటు పట్టుకుని జనం పడుకున్నాక తిరిగేవాళ్లు. తిట్లు తినడం ఒక ఎత్తు, కుక్కలు ఒక ఎత్తు. నేను రెండు నెలలు డ్యూటీ చేశా, పిక్క మీద గుర్తు ఉంది.

పునుగులు
బుధవారం, రాత్రి 10:05

బోదకాలు మాత్ర మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తెచ్చిందే, అమెరికాలో లెడర్లీ కంపెనీలో. 1947. నాకూ నాలుగు ముక్కలు తెలుసు, ఎప్పుడూ పునుగులేనా.

డాక్టర్ కొత్తపేట
గురువారం, ఉదయం 7:20

శభాష్ పునుగులు గారూ. మొదటి టెట్రాసైక్లిన్ మందు ఆరియోమైసిన్ కూడా అదే ల్యాబ్ నుంచి వచ్చింది. ఆ కుటుంబంలోదే డాక్సీసైక్లిన్, ఇప్పుడు స్క్రబ్ టైఫస్‌కి మేం వాడేది. ఈ మధ్య మన వైపు స్క్రబ్ కేసులు చూస్తున్నాం. పొలాల్లో, పొదల్లో ఉండే నల్లి (మంచంలో నల్లి కాదు, మైట్ అనే చిన్న పురుగు) పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. చాలామందికి ఒంటి మీద ఎక్కడో ఒక చోట సిగరెట్టు కాల్చినట్టు నల్ల మచ్చ ఉంటుంది. చంకలోనో, నడుం దగ్గర చీర కట్టు కిందో ఉంటే అడిగితే తప్ప చూపించరు. ఆర్ఎంపీ అన్నా, మీ మిరపకోత మనుషుల్లో ఇది తప్పకుండా వెతకండి, రూపాయి ఖర్చు లేదు.

దీనికీ పాత రక్త పరీక్ష ఉంది, వైల్-ఫీలిక్స్. 1916లో మొదటి ప్రపంచ యుద్ధంలో టైఫస్ (టైఫాయిడ్ కాదు, పేల వల్ల వచ్చే వేరే జ్వరం) రోగి మూత్రంలో ప్రోటియస్ అనే క్రిమి దొరికింది. దానికీ టైఫస్‌కీ సంబంధం లేదు, అయినా టైఫస్ రోగుల రక్తం దాన్ని గుంపు కట్టిస్తుంది. ఎందుకో తెలియకుండానే ఏళ్లపాటు వాడారు.

పాతకాగితాలు గారు 1948 మందు అన్నారు, దాని కథ ఆయన చెప్పలేదు. కౌలాలంపూర్‌లో క్లోరాంఫెనికాల్‌ని స్క్రబ్ టైఫస్ రోగుల మీద పరీక్షిస్తున్నారు. అందులో ఇద్దరికి ఉన్నది స్క్రబ్ కాదు, టైఫాయిడ్. పొరపాటున మందు పడింది. వాళ్లు కోలుకున్నారు. అలా తెలిసింది టైఫాయిడ్‌కి మందు ఉందని.

ఆర్ఎంపీ అన్న
గురువారం, ఉదయం 8:02

నల్ల మచ్చ సంగతి గుర్తుపెట్టుకుంటా మేడమ్. పొరపాటు రోగనిర్ణయం వల్ల మందు దొరికిందన్నారు చూడండి, ఆ పొరపాటు మా పల్లెలో జరిగితే కేసు పెట్టేవాళ్లు.

కాలవగట్టు
గురువారం, ఉదయం 10:40

బుధవారం పొద్దున పిల్లల డాక్టరు దగ్గరకి వెళ్లాం. నాలుగో రోజు అని నేనే ముందు చెప్పా. ఆయన "ఇది చెప్పేవాళ్లు తక్కువ" అన్నారు. కల్చర్‌కి తీశారు. ఎన్ఎస్1 కార్డు మీద రెండు గీతలు. డెంగీ. నిర్ధారణకి ఎలైసా పరీక్షకి ప్రభుత్వ ల్యాబ్‌కి కూడా పంపారు. ప్లేట్‌లెట్లు 1,42,000. ఇంజక్షన్లు ఆపేశారు. నీళ్లు, మజ్జిగ, ఓఆర్ఎస్, రోజూ రక్తం చూడాలి.

ఒక అనుమానం. పాపకి పోయిన ఏడాది టైఫాయిడ్ టీకా వేయించాం. వైడాల్ అందువల్ల వచ్చి ఉంటుందా?

డాక్టర్ కొత్తపేట
గురువారం, మధ్యాహ్నం 2:15

పాతకాలం టీకా అయితే, అంటే చచ్చిన క్రిమిని మొత్తంగా ఎక్కించేది, వైడాల్‌ని తప్పకుండా పాడుచేసేది. ఇప్పుడు పిల్లలకి వేసేది 'విఐ' అనే పై పొర మీద తయారైనది. వైడాల్ చూసే 'ఓ', 'హెచ్' వేరు. కాబట్టి టీకా మీద నింద వేయక్కర్లేదు, ఆ పాత టైఫాయిడే కారణం అయి ఉంటుంది.

ముఖ్యమైన మాట. ఐదో రోజు, ఆరో రోజు జ్వరం దిగిపోతుంది. అందరూ హమ్మయ్య అనుకుంటారు. డెంగీలో జాగ్రత్తగా చూడాల్సింది ఆ దిగినప్పటినుంచి రెండు రోజులు. మూత్రం ఎన్నిసార్లు పోస్తోందో రాయండి.

పునుగులు
గురువారం, మధ్యాహ్నం 2:40

బొప్పాయి ఆకు రసం గురించి ఎవరూ చెప్పకముందే నేను చెప్తున్నా: మా ఇంట్లో బొప్పాయి చెట్టు ఉంది, జ్వరాల సీజన్ వచ్చిందంటే దానికి ఆకు మిగలదు, కాయ కాయదు.

కాలవగట్టు
సోమవారం, రాత్రి 9:15

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. శుక్రవారం ఆరో రోజు జ్వరం పూర్తిగా పోయింది, డాక్టరు మేడమ్ చెప్పినట్టే అప్పుడే నీరసపడిపోయింది. ప్లేట్‌లెట్లు 78,000. రెండు రాత్రులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంచారు. ఆదివారానికి 1,05,000. ఇంటికొచ్చాం. ఈరోజు కల్చర్ రిపోర్ట్ కూడా వచ్చింది, ఏ క్రిమీ పెరగలేదు. సాయంత్రం అదే "నాన్నా, బిర్యానీ" అంది. ఇడ్లీ పెట్టాం, గొడవ చేసింది.

శనివారం మేం ఆసుపత్రిలో ఉండగా కార్పొరేషన్ మలేరియా విభాగం నుంచి ఇద్దరు మా ఇంటికి వచ్చారట. ప్రభుత్వ ల్యాబ్‌లో కూడా పాజిటివ్ వచ్చేసరికి అడ్రసు వాళ్లకి వెళ్లిందట. మా ఆవిడ చెల్లెలు ఇంట్లో ఉంది. వాళ్లు పూలకుండీలు చూశారు, డాబా మీద ట్యాంకు చూశారు, పాత టైరు ఉందా అని అడిగారు. ఏమీ లేవని మా మరదలు గర్వంగా చెప్పిందట. అందులో ఒకామె వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్‌ని గోడనుంచి ముందుకి జరిపించింది. వెనక అడుగున నీళ్లు కారే ట్రే ఉంటుంది కదా, పన్నెండేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. టార్చి వేస్తే అందులో ముప్పై, నలభై దాకా తోకపురుగులు గిలగిలా ఆడుతున్నాయట.

తలుపు మీద మాత్రం ఆ రెండు వైడాల్ రిపోర్టులు అయస్కాంతం కింద అలాగే ఉన్నాయి.

గోడమీద అంకెలు
సోమవారం, రాత్రి 9:40

ట్రేలో నీళ్లు పారబోస్తే సరిపోదు బాబూ. గుడ్లు గోడలకి అంటుకుని ఉంటాయి, పీచుతో గట్టిగా తోము. పక్కింటి వాళ్ల ఫ్రిజ్ కూడా జరిపించు. మొహమాటపడకు.

కాలవగట్టు
సోమవారం, రాత్రి 10:25

తోమాను. పక్కింటి బామ్మ గారిది కూడా జరిపాం. ఉన్నాయి.